కమ్యూనిటీ కాలేజీలో బయాలజీ: మెడిసిన్‌కు మెట్టుగా మాత్రమే చూస్తే నష్టమే

అమెరికా కార్మిక గణాంకాల సంస్థ 2024 మే నెల లెక్కల్లో రెండు ఉద్యోగాలను పక్కపక్కన పెట్టి చూడండి. పరిశోధనశాలల్లో పనిచేసే బయలాజికల్ టెక్నీషియన్ మధ్యస్థ జీతం ఏడాదికి దాదాపు 52 వేల డాలర్లు. ఆ ఉద్యోగానికి మామూలుగా నాలుగేళ్ల డిగ్రీ అడుగుతారు. దంతాలు శుభ్రం చేసి, ఎక్స్‌రేలు తీసి, చిగుళ్ల జబ్బులు కనిపెట్టే డెంటల్ హైజీనిస్టుకు మాత్రం దాదాపు 94 వేలు. దానికి కమ్యూనిటీ కాలేజీలో, అంటే తక్కువ ఫీజుతో నడిచే స్థానిక ప్రభుత్వ కాలేజీలో, చదివే అసోసియేట్ డిగ్రీ (పేరుకు రెండేళ్ల డిగ్రీ), రాష్ట్ర లైసెన్సు ఉంటే చాలు. ఇద్దరూ చదివింది జీవశాస్త్రమే. ఎక్కువ ఏళ్లు చదివినవారికే ఎక్కువ జీతమనే మన లెక్క ఇక్కడ పనిచేయదు.

అయినా అమెరికాలోని చాలా తెలుగు ఇళ్లలో ఈ రెండో దారి గురించి మాటే రాదు. ఇంటర్లో బైపీసీ తీసుకుంటే డాక్టరు, నీట్‌లో ర్యాంకు రాకపోతే ఫార్మసీయో అగ్రికల్చరో, ఏదీ కుదరకపోతే బీజెడ్‌సీ. ఈ వరుసే ఫ్రీమాంట్ వెళ్లినా, ఎడిసన్ వెళ్లినా మనతో వచ్చేసింది. అందుకే కమ్యూనిటీ కాలేజీ అనగానే 'తక్కువ ఫీజుతో రెండేళ్లు కానిచ్చి, పెద్ద యూనివర్సిటీకి మారి, ఆ తర్వాత మెడిసిన్' అనే ఒక్క ఆలోచనే వస్తుంది. అది తప్పుడు ఆలోచనేమీ కాదు. దాని పక్కన ఇంకేమీ కనిపించకపోవడమే సమస్య.

యూనివర్సిటీకి మారే దారిలో ఉన్న లాభం చిన్నది కాదు. కాలిఫోర్నియాలో 116 కమ్యూనిటీ కాలేజీలున్నాయి. రాష్ట్ర నివాసులకు యూనిట్‌కు (కోర్సులను కొలిచే లెక్క) 46 డాలర్లు, అంటే 60 యూనిట్లకు 2,760. అదే రాష్ట్రంలోని యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా (యూసీ) క్యాంపస్‌లో ఒక్క ఏడాది ట్యూషనే 14 వేలు దాటుతుంది. డేవిస్, ఇర్వైన్ సహా ఆరు యూసీ క్యాంపస్‌లు నిర్ణీత మార్కులు, కోర్సులు పూర్తిచేసినవారికి సీటు హామీ ఇస్తాయి. అయితే కొన్ని మేజర్లకు, అంటే ప్రధాన సబ్జెక్టులకు, ఆ హామీ ఉండదు. బర్క్లీ, లాస్ ఏంజెలెస్, శాన్ డియేగో అసలు ఆ జాబితాలోనే లేవు. మానవ జన్యుపటం పరుగుపందెంలో పేరు తెచ్చుకున్న క్రెయిగ్ వెంటర్ కూడా వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చాక ముందు చేరింది కాలేజ్ ఆఫ్ శాన్ మాటియో అనే కమ్యూనిటీ కాలేజీలోనే. అక్కడి నుంచే యూసీ శాన్ డియేగోకు వెళ్లారు.

కానీ అందరూ అలా చేరడం లేదు. విద్యార్థుల చదువుల వివరాలు సేకరించే నేషనల్ స్టూడెంట్ క్లియరింగ్‌హౌస్ సమాచారంతో 2024లో వచ్చిన నివేదిక ప్రకారం, కమ్యూనిటీ కాలేజీల్లో చేరినవారిలో ఆరేళ్లలో బ్యాచిలర్స్ డిగ్రీ చేతికందింది సుమారు 16 శాతం మందికే. దీనికి డబ్బు, ఉద్యోగం, కుటుంబ బాధ్యతలు, ఇలా చాలా కారణాలున్నాయి. బయాలజీ విద్యార్థికి మాత్రం ఇంకొకటి తోడవుతుంది. కోర్సులు ఒకదాని మీద ఒకటి ఆధారపడి ఉంటాయి. జనరల్ కెమిస్ట్రీ అవ్వందే ఆర్గానిక్ కెమిస్ట్రీకి వెళ్లలేరు. ల్యాబ్ సీట్లు తక్కువ. ఒక సెమిస్టర్‌లో సీటు దొరక్కపోతే మొత్తం వరుస వెనక్కి జరుగుతుంది.

అంతకన్నా పెద్ద చిక్కు మొదటి సెమిస్టర్‌లోనే ఉంది, దాన్ని చాలామంది ఆలస్యంగా గుర్తిస్తారు. యూనివర్సిటీకి వెళ్లాలనుకునేవారు మేజర్స్ బయాలజీ (బయాలజీనే ప్రధానంగా తీసుకునేవారి కోర్సు), కెమిస్ట్రీ, ఫిజిక్స్, క్యాలిక్యులస్ చదవాలి. నర్సింగ్, డెంటల్ హైజీన్ వంటివాటికి అనాటమీ, ఫిజియాలజీ, మైక్రోబయాలజీ కావాలి. రెండూ ఒకే భవనంలో, ఒకే మైక్రోస్కోపుల ముందు జరుగుతాయి కాబట్టి ఒకటే చదువు అనిపిస్తుంది. కానీ నర్సింగ్ కోసం చదివిన ఫిజియాలజీని యూనివర్సిటీ బయాలజీ విభాగం చాలాసార్లు మేజర్ కింద లెక్కించదు. మేజర్స్ బయాలజీలో ఎన్ని మార్కులొచ్చినా నర్సింగ్ ప్రోగ్రామ్ దాన్ని అనాటమీకి బదులుగా తీసుకోదు. ఇంట్లోవాళ్ల కోసం రెండేళ్లు ప్రీమెడ్ (మెడిసిన్‌కు ముందు చదువు) అంటూ నెట్టుకొచ్చి, తర్వాత నర్సింగ్ వైపు తిరిగిన పిల్లలు మళ్లీ మొదటి మెట్టు దగ్గరే నిలబడతారు. ఆ రెండేళ్ల టెన్షన్‌లో సగం తల్లిదండ్రులు తప్పించగలిగేదే.

నర్సింగ్, డెంటల్ హైజీన్ వంటి లైసెన్సు వృత్తుల రెండో దారి కూడా పేరుకే రెండేళ్లు. ముందస్తు కోర్సులకు ఏడాది, ఏడాదిన్నర పడుతుంది. ఆ తర్వాతే రెండేళ్ల ప్రోగ్రామ్. సీట్లు కొన్నే, దరఖాస్తులు ఎన్నో. కొన్ని కాలేజీలు లాటరీ కూడా తీస్తాయి. చాలాచోట్ల అయిదేళ్లో ఏడేళ్లో దాటిన సైన్స్ మార్కులను ఒప్పుకోరు. ఇంత కష్టపడి బయటికొచ్చిన నర్సు రాసేది నాలుగేళ్ల డిగ్రీ నర్సు రాసే ఎన్‌క్లెక్స్ అనే లైసెన్సు పరీక్షే, పొందేది అదే ఆర్‌ఎన్ (రిజిస్టర్డ్ నర్సు) లైసెన్సు. కొన్ని పెద్ద ఆసుపత్రులు బీఎస్ఎన్ (నర్సింగ్‌లో నాలుగేళ్ల డిగ్రీ) ఉన్నవారికే మొగ్గు చూపుతాయి కానీ, దాన్ని ఉద్యోగం చేస్తూ పూర్తిచేసుకోవచ్చు. ఇది డాక్టర్ కాలేకపోయినవాళ్లు చేసే పని అని మనవాళ్లు అనుకున్నంతకాలం ఇష్టంగా ఆ వృత్తిలోకి వెళ్లాలనుకునే పిల్లలు ఇంట్లో నోరు విప్పరు.

మూడో దారి బయోటెక్ తయారీ రంగం, అంటే జీవకణాల సాయంతో మందుల వంటివి తయారుచేసే పని. 2014లో కాలిఫోర్నియా చట్టం మార్చి, కొన్ని కమ్యూనిటీ కాలేజీలు ప్రయోగాత్మకంగా నాలుగేళ్ల డిగ్రీలు ఇచ్చేందుకు వీలు కల్పించింది. శాన్ డియేగోకు ఉత్తరాన ఉన్న మీరాకోస్టా, వాకావిల్ దగ్గరి సొలానో కాలేజీలు ఈ బయోమాన్యుఫ్యాక్చరింగ్‌నే ఎంచుకున్నాయి. నాలుగేళ్లకూ ఫీజు పది వేల డాలర్ల ప్రాంతంలోనే. కణాలను పెంచడం, వాటిని పెంచే పెద్ద పాత్రైన బయోరియాక్టర్‌ను నడపడం, ప్రతి అడుగునూ బ్యాచ్ రికార్డులో రాయడం ఇక్కడ చదువులో భాగం. నైట్ షిఫ్టులుంటాయి. గత కొన్నేళ్లలో ఈ రంగంలో ఉద్యోగాల కోతలూ పడ్డాయి. లైసెన్సు ఉన్న వృత్తులకున్నంత భరోసా దీనికి లేదు.

హెచ్4 వీసాపై (హెచ్1బీ ఉద్యోగుల జీవిత భాగస్వాములకు ఇచ్చేది) ఉన్న మన మహిళల గురించి కూడా చెప్పాలి. మైక్రోబయాలజీ, బయోటెక్నాలజీ, ఫార్మసీ చదివి పెళ్లయి వచ్చి ఏళ్లతరబడి ఇంట్లోనే ఉండిపోయినవారు ప్రతి తెలుగు కాలనీలో కనిపిస్తారు. హెచ్4 మీద చదువుకోవడానికి అడ్డు లేదు. ఉద్యోగానికి మాత్రం వర్క్ పర్మిట్ కావాలి, అది అందరికీ రాదు. వచ్చే అవకాశం ఉన్నవారు ఇండియా డిగ్రీని మూల్యాంకనం చేయించుకుంటే ఆసుపత్రి ల్యాబ్ ఉద్యోగాలకు ఏ సబ్జెక్టులు తక్కువయ్యాయో తెలుస్తుంది. కాలిఫోర్నియాలో ఆసుపత్రి ల్యాబ్ పరీక్షలు చేసే క్లినికల్ ల్యాబొరేటరీ సైంటిస్ట్ లైసెన్సుకు డిగ్రీతో పాటు ఏడాది శిక్షణ కూడా అడుగుతారు, ఆ శిక్షణ సీట్లకు పోటీ గట్టిగానే ఉంటుంది.

చేరేముందు కౌన్సెలర్ దగ్గర అరగంట కూర్చోండి. నిరుడు ఈ ప్రోగ్రామ్‌కు ఎంతమంది దరఖాస్తు చేశారు, ఎంతమందికి సీటొచ్చింది, లైసెన్సు పరీక్షలో ఎంతమంది పాసయ్యారు, శిక్షణ ఏ ఆసుపత్రుల్లో ఇస్తారు, మా వీసాతో ఆ శిక్షణకు అనుమతి ఉంటుందా అని అడగండి. పిల్లల్నే అడగనివ్వండి.