డిక్కీలో పడుకున్న ఎర్ర సిలిండర్ గారికి

మహారాజశ్రీ మంటలార్పే ఒక కిలో ఏబీసీ పౌడర్ సిలిండర్ గారికి, అనంతపురం నుంచి మీ యజమాని నమస్కరించి రాసేది. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలనే ఉంది గానీ కుదరదు. మీ మెడ దగ్గర ఒత్తిడి చూపే ముల్లు ఎరుపులోకి దిగి ఎన్నాళ్ళయిందో మీకే తెలీదు, నా అంబాసిడర్ బానెట్ కింద ఏం జరిగిందో అసలే తెలీదు. ఆ టైముకి మీరు డిక్కీలో, స్టెప్నీ కింద, ఓళిగల డబ్బా పక్కన పడుకునున్నారు.

ఏప్రిల్ నెల, మధ్యాహ్నం రెండు. తాడిపత్రిలో పెళ్ళి భోంచేసి, ఊళ్ళోకి రాగానే టీకి ఆపాం. మళ్ళీ స్టార్ట్ చేస్తే ముందు పెట్రోల్ వాసన, తర్వాత కార్బురేటర్ లోంచి ఠప్పుమని ఒక దగ్గు, ఆపైన బానెట్ సందులోంచి పొగ. మా నాయన నాటి 1972 మార్క్ 2 బండి, 1489 సీసీ. ఆ ఇంజన్‌లో కార్బురేటర్ సరిగ్గా పొగను బయటికి పంపే ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్ నెత్తిన కూర్చుంటుంది, అంటే మండే పొయ్యి మీద పెట్రోల్ గిన్నె పెట్టుకుని, కారదులే అని యాభై ఏళ్ళు తిరిగాం.

చుట్టూ జనం "బానెట్ ఎత్తప్పా, ఎత్తు ఎత్తు" అని ఒకటే అరుపులు. ఎత్తాను, నా తెలివి తెల్లారినట్టే ఉంది. అప్పటిదాకా పిడికిలంత ఉన్న మంట గాలి తగలగానే నా మొహం దాకా లేచింది. లాక్ మాత్రం వదిలి, ఆ సందులోంచి కొట్టాలంట. ఈ మాట తర్వాత అందరూ చెప్పారు. కుడి కనుబొమ ఇంకా పూర్తిగా మొలవలేదు.

అప్పుడు మిమ్మల్ని తవ్వి బయటికి తీశాను. పిన్ను లాగి, గురి చూసి నొక్కితే తుస్సుమన్నారు. చెంచాడు పొడి నా చెప్పుల మీద రాలింది. తప్పంతా మీదే అనను. బండి అదురుకి లోపల పొడి అడుగున గట్టిపడుతుందని, అప్పుడప్పుడూ తలకిందులు చేసి కదిలించాలని మీ ఒంటి మీదే రాసుంది. అంగట్లో ఆయన "ముల్లు పచ్చలో ఉంటే చాలు సార్" అన్నాడు, నేను అదే ఉపదేశంగా తీసుకుని ఆ తర్వాత మీ మొహం చూడలేదు.

పక్క హోటల్ నుంచి మీ పెద్దన్న వచ్చాడు, ఆరు కిలోలు. ఆయన మాత్రం పని చేశాడు! చేశాడా అంటే, మంట క్షణాల్లో ఆరింది, బండి పిండి మరలో పడ్డట్టు తయారైంది. ఇక్కడే మీ వంశం గురించి నాలుగు మాటలు చెప్పాలి. మీ కడుపులో ఉండే మోనో అమ్మోనియం ఫాస్ఫేట్ వేడికి కరిగి అట్టులా అంటుకుంటుంది, కట్టెల మంటకైతే అది గొప్ప గుణం, కాదనను. కానీ అదే పొడి వేడి మ్యానిఫోల్డ్ మీద మాడు కట్టి, తేమ తగిలితే పులిసి, అల్యూమినియాన్ని మెల్లగా తినేస్తుంది. మూడు ఆదివారాలు పాత టూత్ బ్రష్‌తో రుద్దాను. ఇప్పటికీ ఎయిర్ ఫిల్టర్ డబ్బా మీద తడితే తెల్లగా రాలుతుంది. పనిచేయని మీ మీద కోపం రావాలా, పనిచేసిన మీ అన్న మీద రావాలా అన్నది నాకింకా తేలలేదు.

అందుకే మీకు బదులు ఇంకొకర్ని వెతికాను, సంబంధాలు చూసినట్టు. హాలాన్ గ్యాస్ అయితే మరక లేకుండా ఆర్పేదని పాత కార్ల వాళ్ళు ఇంకా కళ్ళనీళ్ళు పెట్టుకుంటారు. ఓజోన్ పొరను తింటుందని 1987 మాంట్రియల్ ఒప్పందంతో దానికి సంబంధాలు తెగిపోయాయి. కార్బన్ డయాక్సైడ్ శుభ్రమే, కానీ కిందంతా తెరిచున్న ఇంజన్ గూట్లో నిలవదు, అది పోయాక వేడి మ్యానిఫోల్డ్ మళ్ళీ అంటిస్తుంది. వేడికి తనంతట తనే పగిలి మందు చిమ్మే ప్లాస్టిక్ ట్యూబ్ ఉంది, కరెంటు అక్కర్లేదు, మనిషీ అక్కర్లేదు, చాలా నచ్చింది. మా మెకానిక్ అన్న మాత్రం బానెట్ మీద చెయ్యి పెట్టి చుర్రుమని తీసేసి, "మ్యానిఫోల్డ్ దగ్గర్లో కట్టినావంటే మే నెలలో ఊరికే పేలుతాదప్పా" అన్నాడు.

చివరికి నురగ దగ్గర ఆగాను. పెట్రోల్ మీద పల్చటి పొరలా పరుచుకుని ఆవిరిని నొక్కేస్తుంది, నీళ్ళుంటాయి గనక ఇనుమునీ చల్లారుస్తుంది, తర్వాత కడిగితే పోతుంది. విదేశీ కాగితాల్లో దీని మీద పెద్ద హెచ్చరిక, చలికాలం గడ్డకట్టొచ్చు, జాగ్రత్త అని. అనంతపురంలో! ఆ రోజొస్తే బండి వదిలేసి టవర్ క్లాక్ దగ్గర స్వెటర్లు అమ్ముకుంటాను. నిజమైన చిక్కు వేరే ఉంది. ఇప్పటి పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్, అది మామూలు నురగను పాలు విరిచినట్టు విరిచేస్తుంది, కాబట్టి ఆల్కహాల్‌కు తట్టుకునే రకమే అడిగి తీసుకోవాలి. నేను వేసిన ప్లాను ఇది: నురగ చిమ్మే రెండు నాజిళ్ళు, ఒకటి కార్బురేటర్ వైపు, ఒకటి పెట్రోల్ పంపు వైపు. లాగే పిడి స్టీరింగ్ పక్కన. దానికి పైన బ్యాటరీ కట్ చేసే స్విచ్, ముందు అది తిప్పాలి, ఎందుకంటే నురగ తడికి కరెంటు పారుతుంది.

ఇదంతా చెప్పి బాటిల్ ఎక్కడ బిగిద్దామని అడిగితే మెకానిక్ అన్న జవాబివ్వకుండా కార్బురేటర్ కిందకు చెయ్యి పోనిచ్చి పెట్రోల్ పైపు ఒకసారి వంచాడు. ఎండిన చింతబెరడులా పగుళ్ళు. ఇథనాల్‌కు పాత రబ్బరు ఇట్లే పోతుందంట. ఆరోజు కారింది అక్కణ్ణుంచే. "ఫస్టు ఈ మూరెడు పైపు మార్చుకో, ఆమీట ఫైరింజన్ పెట్టుకుందువు" అన్నాడు. పైపు, రెండు క్లిప్పులు, ఒక టీ. నురగ బాటిల్ తర్వాతి వారం బిగించాం.

మీ విషయానికొస్తే, గాలికి డాబా తలుపు కొట్టుకుంటోందని మా ఇంటావిడ మొన్న మిమ్మల్ని దానికి అడ్డం పెట్టింది. చూశాను, ఇంచు కూడా కదలట్లేదు.