సేవ్ ఫైలును చెరిపేసే ఆట చేసిన నేరమేమిటి?

ప్రళయం తరువాతి ప్రపంచంలో ప్రాణాలు నిలుపుకోవలసిన ఆట కావాలని అడిగేవారే, ఆ ఆటలో నిజంగా ప్రాణం పోతే ఓర్చుకోలేకపోతున్నారు. నియో స్కావెంజర్ అనే కంప్యూటర్ ఆటపై పదేళ్లకు పైగా వినిపిస్తున్న ఆక్షేపణల్లో ప్రధానమైనది ఇదే. పాత్ర మరణించగానే ఆట తన సేవ్ ఫైలును, అంటే అప్పటిదాకా ఆడినదంతా దాచి ఉంచిన ఫైలును, చెరిపేస్తుంది, గంటల శ్రమ గంగపాలవుతుంది. దీన్ని లోపాల పద్దులో రాయడం పొరపాటనీ, ఆ ఆట విలువంతా అక్కడే ఉందనీ నా వాదన.

బయోవేర్ అనే ఆటల సంస్థలో పనిచేసి బయటికి వచ్చిన డేనియల్ ఫెడార్, బ్లూ బాటిల్ గేమ్స్ పేరిట రూపొందించిన ఈ ఆట 2014 డిసెంబరులో పూర్తి రూపంలో విడుదలైంది. శిథిలమైన మిషిగన్‌లో ఆసుపత్రి గౌనుతో కళ్లు తెరిచే ఫిలిప్ కిండ్రెడ్ కథ ఈ తరహా ఆటలు ఆడేవారికి కొత్త కాదు కనుక దాన్ని ఇక్కడ తిరగతోడను.

ఆటగాళ్లు తరచుగా వాడే ‘అన్యాయమైన చావు’ అనే మాటను కాస్త విప్పి చూడాలి. నా చావుల్లో ఒకటి చెబుతాను. దాహానికి ఆగలేక దొరికిన నీటిని కాచకుండానే తాగాను. కలరా పట్టుకుంది. నీరసించిన ఒంటితో నడుస్తుండగా ఒక దోపిడీదారు ఎదురై చంపేశాడు. అప్పటికి నా కోపమంతా ఆ దోపిడీదారు మీదా, వాడికి కలిసివచ్చిన అదృష్టం మీదా ఉంది. నిజానికి నేను చచ్చింది అంతకు ముందే, నీటి దగ్గర. కాచి తాగాలంటే గిన్నె కావాలి, పుల్లలు ఏరాలి, నిప్పు రాజేయాలి. రాత్రివేళ ఆ మంట నా ఉనికిని ఇతరులకు పట్టిస్తుంది. వీటిలో ప్రతిదీ నా చేతిలోని నిర్ణయమే. పైగా ఇది వంతులవారీగా సాగే ఆట. నేను కదిలేదాకా శత్రువు కదలడు, గంటసేపు తల పట్టుకుని కూర్చున్నా తొందరపెట్టేవారు లేరు. అంత తీరిక ఇచ్చిన ఆటను పట్టుకుని, ఆలోచించే అవకాశమే ఇవ్వలేదని నిందించడం ఎలా కుదురుతుంది? (కుడికాలి బూటు, ఎడమకాలి బూటు విడివిడిగా వెతుక్కోవలసిన ఆటలో, ఒక బూటు దొరికినప్పటి ఆనందాన్ని ఎవరూ అన్యాయమని రాయరు.)

మన వైకుంఠపాళిలో ఆటగాడి నిర్ణయానికి తావే లేదు. గవ్వలు ఎటు పడితే అటే నడక. అయినా గట్టెక్కామనుకున్న చోట కాచుకుని ఉన్న పెద్దపాము అరుకాషుడు మింగితే, పటం గీసినవాడిని తప్పుపట్టిన వారిని నేను చూడలేదు. పాము లేకపోతే నిచ్చెనకు రుచి లేదని పిల్లలకు కూడా తెలుసు.

ఎదుటివారి వాదనలో పస లేదని అనను. ఈ ఆట ఏదీ విడమరచి నేర్పదు; తొలి చావులు చాలావరకు తెలియనితనం వల్ల వచ్చేవే. పగలంతా ఉద్యోగం చేసి, రాత్రి దొరికిన గంట ఇలా బూడిదలో పోసిన పన్నీరైతే చిరాకు సహజం. కానీ ఫైలు పోయినా నేర్చుకున్నది పోదు. రెండో జన్మలో నీళ్లు కాచుకోవడం ఎవరూ మరచిపోరు.

నన్ను అంతకంటే ఎక్కువ కలవరపెడుతున్నది మరొకటి ఉంది. కంప్యూటర్ ఆటలు అమ్మే స్టీమ్ అనే ఆన్‌లైన్ అంగడిలో అభిప్రాయమంటే బొటనవేలు పైకో కిందికో చూపడమే. ఎన్ని గంటలు ఆడారో పక్కన కనిపిస్తుంది గానీ, మొదటి చావుకే విసిగి మూసేసినవారి వేలూ, వందల గంటలు ఆడినవారి వేలూ మొత్తం లెక్కలో ఒకే తూకం తూగుతాయి. ఆ లెక్కే అమ్మకాలను శాసిస్తున్నప్పుడు, నిర్మాత ఆటలోని పదునైన అంచులన్నిటినీ ఒక్కొక్కటిగా అరగదీయడం మొదలుపెడతాడు. ఆటగాళ్లు తమకు నచ్చని దాన్ని సరిగ్గానే గుర్తుపడతారు. దానికి ఏ మందు వేయాలో చెప్పడంలోనే తరచుగా తప్పుతారు.

ఈ జబ్బు స్టీమ్ కంటే పాతది. 1997లో వచ్చిన ఫాలౌట్ అనే ఆటలో, వాల్ట్ 13 అనే భూగర్భ ఆశ్రయంలోని నివాసులకు నీటి యంత్రాన్ని నడిపే చిప్ తెచ్చేందుకు ఆటగాడికి 150 రోజుల గడువు ఉండేది. హబ్ పట్టణంలోని నీటి వర్తకులకు డబ్బు చెల్లించి వాల్ట్‌కు నీళ్లు పంపిస్తే మరో 100 రోజులు కలిసివచ్చేవి. అయితే మొదటి విడుదలలో దాని వెనుక రెండో గడియారం ఒకటి ఉండేది. నీటి బండ్లు వాల్ట్ దారి పట్టాయంటే ఆ చోటు గుట్టు బయటపడినట్టే. వాల్ట్‌ను వెతికే మ్యూటెంట్ల (వికృతంగా మారిన మనుషుల) సైన్యం మరింత ముందుగా అక్కడికి చేరుకునేది. దాహం తీర్చిన బేరమే ఊరి మీదికి చేటు తెచ్చే ఆ అల్లిక, నేను ఆడిన ఆటలన్నిటిలోనూ అత్యంత క్రూరమైనదీ, అత్యంత తెలివైనదీ. గడువులు ఊపిరాడనివ్వడం లేదని ఆటగాళ్లు గోల పెట్టారు. తరువాతి సవరణలో ఆ రెండో గడువును ఉన్నా లేనట్టే చేశారు. ఆనాటి నుంచి హబ్‌లో నీళ్లు కొనడం వట్టి లాభసాటి బేరం.