రెండు మీటర్ల దూరం గారికి, హనుమకొండ నుంచి

పసిఫిక్ మహాసముద్రంలో, ఈక్వెడార్ దేశపు గాలాపాగోస్ దీవుల జాతీయ పార్కులో కొలువుదీరిన రెండు మీటర్ల దూరం గారికి,

నమస్కారాలు. ఫెర్నాండినా దీవిలో, పుంటా ఎస్పినోజా దగ్గర మీ దర్శనమైంది. పదహారుమందికి మించకుండా ఒక గైడు ఉండాలని అక్కడి లెక్క. చిన్న ఓడ కాబట్టి మా అందరికీ ఒక్కడే సరిపోయాడు. రబ్బరు పడవ దిగీ దిగగానే ఆయన మీ పేరే ఎత్తాడు: ఏ జంతువుకైనా రెండు మీటర్లు ఎడంగా ఉండాలి, బాట దిగొద్దు, రాయి ముట్టొద్దు.

మా దిక్కు సంగతి మీకు తెలియదు. రెండు మీటర్ల జాగా దొరికితే హనుమకొండ బస్టాండులో నలుగురు మనుషులు, వాళ్ల సంచులు సర్దుకుంటాయి. మేడారం జాతరప్పుడైతే ఎత్తు బెల్లంతో సహా కుటుంబమంతా పడుతుంది. ఫంక్షన్‌హాల్లో తినేవాడి కుర్చీ పట్టుకుని, వాడు పెరుగన్నం దాకా వచ్చాడా లేదా అని విస్తట్లోకి తొంగిచూసే జాతి మాది. అందులో మా బావ పెద్ద మొనగాడు. అలాంటి మనిషి అక్కడ చేతులు కట్టుకుని బడిపిల్లాడిలా నిలబడ్డాడు. మీ మహిమ అనుకునేరు! 2024 ఆగస్టు నుంచి మనలాంటి విదేశీయులకు పార్కు రుసుము 100 డాలర్ల నుంచి 200కు పెరిగింది. మహిమంతా దానిదే.

ఇంతకీ నా ఫిర్యాదు ఏమిటంటే, మీరు మనుషులకే వర్తిస్తారు. సముద్రపు ఇగువానాలు, అంటే ఉడుముల్లాంటి పెద్ద బల్లులు, ఎనుమాముల మార్కెట్లో మిర్చి బస్తాల్లా ఒకదానిమీద ఒకటి పడుంటాయి, వాటి మధ్య ఎడమేది? పైగా ఒంట్లో ఎక్కువైన ఉప్పును ముక్కుల్లోంచి చిమ్ముతాయి, ఆ చిమ్మడానికి కొలతా లేదు, ముందస్తు నోటీసూ లేదు. రెక్కలుండీ ఎగరలేని నీటికాకి ఒకటి గూటికి నాచు మోసుకుంటూ మా కాళ్ల పక్కనుంచే పోయింది. ప్రపంచంలో ఎగరలేని నీటికాకి అదొక్కటే, అయినా మమ్మల్ని ఖాతరు చేయలేదు.

ఆ తర్వాత ఒక సముద్రసింహం బాటకు అడ్డంగా పడుకుంది. మీరేమో దగ్గరికి పోవద్దంటారు. బాట దిగొద్దనే మీ తోడల్లుడేమో పక్కకు పోనివ్వడు. భూమధ్యరేఖ ఎండలో, నల్లటి లావా మీద, అది నిద్ర లేచేదాకా నిలబడ్డాం. లేచి ఆవులించి, అటు తిరిగి మళ్లీ పడుకుంది.

బావది ఆదిలాబాద్ దిక్కు, పత్తి చేను. కిందికీ మీదికీ చూసి, "ఏం బామ్మర్దీ, గీ నల్లబండలు చూడనీకె గింత దూరం తోలుకొచ్చినవా?" అన్నాడు. మాట తీసేయడానికి లేదు. ఆయన చేలో నల్లరేగడి కూడా ఒకప్పటి లావాయే, దాదాపు 6 కోట్ల 60 లక్షల ఏళ్ల కిందట దక్కన్ మీద పారింది. గాలాపాగోస్‌లో వయసులో పెద్ద దీవులు కూడా దాని ముందు చంటిపిల్లలు. అయితే మన లావా చల్లారి బుద్ధిగా పత్తి పండిస్తోంది, ఫెర్నాండినా కొండకు ఇంకా ఉడుకు తగ్గలేదు. 2024 మార్చిలో కూడా లావా కక్కింది. అప్పుడు దానికి ఎన్ని మీటర్లు చెప్పారో మీరే సెలవివ్వాలి.

1835లో డార్విన్ ఆ దీవులకు వచ్చినప్పుడు మీరింకా పుట్టలేదు. ఆయన తాబేళ్ల మీదెక్కి స్వారీ చేశాడు. ఒక ఇగువానాను పట్టి మళ్లీ మళ్లీ నీళ్లలోకి విసిరాడు, అది ప్రతిసారీ ఆయన నిలబడ్డ ఒడ్డుకే తిరిగొచ్చింది. ఇప్పుడు మా బావ ఆ పని చేస్తే శాస్త్రవేత్త అనరు, ఓడ ఎక్కనివ్వరు.

ఒక మనవి. కొన్నాళ్లు డిప్యుటేషన్ మీద ఇటు రండి. ఏటీఎంలో నా వెనకవాడు నా భుజం మీద గడ్డం ఆనించి నా పిన్ను తనే చదువుకుంటున్నాడు, ముందు అక్కడ చార్జి తీసుకోండి. కానీ ఉత్త చేతులతో రాకండి, ఆ 200 డాలర్ల టికెట్టును వెంట తెచ్చుకోండి. అది లేకుండా వచ్చారో, మీరు బస్సెక్కేలోపే కిటికీలోంచి మీ సీట్లో కర్చీఫు వేసేస్తారు.

ఇట్లు,
మీకు అణా పైసలతో సహా రుసుము కట్టిన
హనుమకొండవాసి