పిట్టల లెక్క మనకెందుకు అంటున్నోళ్ళకి

నాలుగు రోజుల్నించి మన నెల్లూరు గ్రూపులన్నిట్లో ఒక మెసేజ్ తిరగతా ఉంది. టౌన్లో ఉండేది కాకులూ పావురాలే, మామూలు జనం ఫోన్లో ఎక్కించే పిట్టల లెక్కలకి సైన్సులో విలువ లేదు, పిచ్చుకల్ని సెల్ టవర్లు ఎప్పుడో చంపేశాయి, మిగతాది ఫారెస్టోళ్ళు చూసుకుంటారు, మనకెందుకు అని. పంపినోళ్ళలో మా బాబాయి కూడా ఉన్నాడు, అందుకే కూర్చుని ఒక్కోదానికి జవాబు రాస్తున్నా.

టౌన్లో ఏముంది అన్నారు కదా, పొద్దున్నే ఆరింటికి నెల్లూరు చెరువు కట్ట మీదకి రండి. నత్తగుల్ల కొంగలుంటాయి, ముక్కు మూసినా మధ్యలో సందు కనపడతానే ఉంటది. మొన్న ఒకటి నాకు దగ్గర్లోనే నీళ్ళలోకి తల సగం ముంచి, నత్తని పైకి తీయకుండా లోపల్లోపలే ఏదో తిప్పింది, నిమిషం కూడా కాలా, మెత్తటి కండ ఒక్కటే ముక్కున పట్టుకుని తలెత్తింది, గుల్ల నీళ్ళలోనే ఉండిపోయింది. నీటికాకులు, లకుముకి పిట్టలు, గుడ్డికొంగలు ఎటూ ఉంటాయి. చీకటి పడితే మా వీధి చింతచెట్టు మీద పైడికంటె, అదే చిన్న గుడ్లగూబ, అరుస్తది. ఇయ్యన్నీ టౌన్లోనే అబ్బా.

మామూలు జనానికేం తెలుసు అనేది నాకు బాగా బాధ కలిగించిన మాట. 1840ల్లో జెర్డాన్ అనే ఇంగ్లీషు డాక్టరు మన నెల్లూర్లోనే పనిచేశాడు, మనదేశం పక్షుల మీద పెద్ద పుస్తకాలు రాసినాయన. ఇక్కడి జీవాల సంగతులు ఆయన ఎవర్నడిగి తెలుసుకున్నాడు? మన యానాదుల్ని. ఆయన పేరే పెట్టిన కలివికోడి అనే పిట్ట 1900 తర్వాత ఎవురికీ కనపడలా, పెద్ద పెద్దోళ్ళు వెతికినా దొరకలా, ఇంక అంతరించిపోయిందనే అనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర రాత్రిపూట టార్చిలైటు వెలుగులో దాన్ని పట్టుకుంది ఐతన్న అనే వేటగాడు, డిగ్రీలున్నాయన కాదు.

సరే, కొత్తోళ్ళు తప్పులు రాస్తారు, అది నిజమే, ఒప్పుకుంటా. కానీ ఈబర్డ్‌లో, అదే మేం ఫోన్లో పిట్టల లెక్కలు రాసే యాప్‌లో, ఎక్కించింది ఎక్కించినట్టు లెక్కలోకి పోదు. ఎంతసేపు చూశావు, ఎంత దూరం నడిచావు అని అడగతది, ఆ ఊర్లో ఆ నెలలో ఉండకూడని పిట్ట రాసినా, అంకె మరీ పెద్దదైనా ఆపి పెడతది, తెలిసినోళ్ళు చూస్తారు. నేనొకసారి చిన్న నీటికాకిని వేరే రకంగా రాస్తే ఫోటో పెట్టమని అడిగారు, చూసి దిద్దుకున్నా. 2023లో వచ్చిన మనదేశం పక్షుల నివేదిక ఇట్టాంటి మామూలు జనం, 30,000 మందికి పైగా, రాసిన 3 కోట్లకి పైగా లెక్కల మీదే నిలబడింది, అందులో 942 రకాలు చూసి 178 రకాల్ని ముందు కాపాడుకోవాలని తేల్చారు. విలువ లేదని ఎట్టా అంటారు?

పిచ్చుకలు. ఇట్టాంటిదే 2020 నివేదికలో దేశం మొత్తం మీద పిచ్చుకలు పాతికేళ్ళుగా దాదాపు నిలకడగానే ఉన్నాయని తేలింది, తగ్గింది పెద్ద సిటీల్లో. టవర్లే చంపాయనడానికి గట్టి ఆధారం లేదు. మా పెద్దమ్మ స్టోన్‌హౌస్‌పేట ఇంట్లో వసారాకి వరి కుచ్చులు కట్టేది, దూలం సందులో గూడు, కుచ్చు మీద తలకిందులుగా వేలాడి గింజలు ఒలుచుకునేవి. ఆ పెంకుటిల్లు పడగొట్టి స్లాబు వేశాక సందు లేదు గూడు లేదు. పిల్లలకి పెట్టను పురుగు కూడా దొరకాలి కదా.

ఇంక ఫారెస్టోళ్ళు చూసుకుంటారు అనేది. నేలపట్టు పక్షుల అభయారణ్యంలో గూడబాతుల్ని, అదే పెలికాన్లని, వాళ్ళు చూస్తున్నారు, నిజమే, కానీ అక్కడి ఊరోళ్ళు కూడా పిట్టల్ని తోలకుండా చూసుకున్నారు, రెట్టలు కలిసిన చెరువు నీళ్ళు పొలానికి బలమని వాళ్ళకి తెలుసు. మా వీధికి ఏ ఆఫీసరు వస్తాడు? ఇందాక చెప్పిన చింతచెట్టే, కరెంటు తీగలకి తగలతందని కొమ్మలు కొట్టను మనుషులొచ్చారు, పైన గూళ్ళలో గుడ్డికొంగ పిల్లలున్నాయి. పక్కింటి ఆయమ్మ కత్తికి అడ్డంపడి, "తీగకి తగిలేవి రెండేగా నాయనా, అవి కొట్టుకుని పోండి, మిగతాది నెలాగి రండి" అంది. పాపం వాళ్ళూ మంచోళ్ళు, విన్నారు. ఆమె ఆ పొద్దు ఇంట్లో లేకపోతే అంతే.

నిన్న బాబాయికి ఫోన్ చేసి ఇదంతా చెప్పా. ఆదివారం కట్ట మీదకి వస్తానన్నాడు, బైనాక్యులర్ నాదే ఇస్తా. మీలో ఎవరన్నా వచ్చేదుంటే రండి, పదిహేను నిమిషాలు చూసి రాస్తే చాలు, లెక్క రాయడం నేను చూపిస్తా.