ఉప్పునీళ్లు అన్ని రాళ్లకూ పడవు

మీ వ్యాసంలో స్ఫటికాల నగలను రాత్రంతా ఉప్పునీళ్లలో నానబెట్టి, పొద్దున్నే ఎండలో పెడితే శుద్ధి, ఛార్జింగ్ (రాయిలోకి శక్తి నింపడం) రెండూ అయిపోతాయని రాశారు. ఏ రాయి అన్నది చూడకుండా అలా చేస్తే నగ పాడవుతుందండీ. స్ఫటికం, అమెథిస్ట్ లాంటి క్వార్ట్జ్ రాళ్ల గట్టిదనం మోస్ స్కేలు (రాళ్ల గట్టిదనాన్ని 1 నుంచి 10 వరకు చెప్పే కొలత) మీద 7, మామూలు నీళ్లకు అవి తట్టుకుంటాయి. సెలెనైట్ సంగతి వేరు. అది జిప్సమే, గట్టిదనం 2. గోరుతో గీసినా గీత పడుతుంది, నీళ్లలో కొద్దికొద్దిగా కరుగుతుంది కూడా. ముత్యాలు, టర్కోయిజ్, ఓపల్‌లను ఉప్పునీళ్ల దగ్గరికే రానివ్వకండి. రాయికి ఏమీ కాకపోయినా వెండి నల్లబడుతుంది. ఇక ఎండంటారా, ఎక్కువసేపు ఉంచితే అమెథిస్ట్ రంగు వెలిసిపోతుంది.

వెన్నెల్లో పెట్టుకోండి, ఏ టెన్షనూ లేదు. రాయిలోకి శక్తి చేరుతుందనడానికి సైన్సులో ఆధారం లేదు, నేనూ నమ్మను. కానీ ఫోన్ పక్కన పడేసి, మెత్తటి గుడ్డతో ఒక్కో పూసా తుడుస్తూ కాసేపు కూర్చోవడం నాకు భలే ఇష్టం (మా ఇంట్లో దీన్ని పిచ్చి అంటారు). ఏ రాయికి ఏ పద్ధతి సరిపోతుందో వ్యాసంలో విడిగా చేర్చగలరా?