సంతకంతో ముగిసే చదువు

శస్త్రచికిత్స చేయించుకున్న రోగికి, ఇంటి దగ్గర తీసుకోవలసిన జాగ్రత్తలన్నీ బోధపరిచాకే సెలవివ్వాలన్నది వైద్యశాస్త్ర నియమం. ఆ బోధనంతా నాలుగు నిమిషాల్లో ముగించే విద్య మన విశాఖపట్నంలో ఒక ఆసుపత్రికి కరతలామలకమైందనడానికి నేనే సాక్షిని.

ఓడరేవులో పనిచేసి రిటైరైన మా బాబాయికి ఆ మధ్య అక్కడ హెర్నియా ఆపరేషను జరిగింది. మర్నాడు ఉదయం పదింటికి డిశ్చార్జి అన్నారు. ఇన్సూరెన్సు వాళ్ల అనుమతి సాయంత్రం ఐదున్నరకు వచ్చింది. ఆ ఏడున్నర గంటలూ బాబాయి ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, ఇంటిగంట కోసం చూసే బడిపిల్లాడిలా మంచం అంచున కూర్చున్నాడు. అంత తీరికలో పాఠం చెబితే నిజంగానే బుర్రకెక్కే ప్రమాదం ఉంది కనుక కాబోలు, ఎవరూ రాలేదు. తీరా పిన్ని బిల్లు కౌంటరుకూ, నేను ఆటో కోసం కిందికీ పరుగెత్తిన శుభముహూర్తాన సిస్టరు వచ్చి, బాబాయి చేతికున్న సెలైను గొట్టం, అదే కాన్యులా, తీసి, దూది అదిమిపట్టి, ఆ దూది తడి ఆరేలోగా మందులు, కట్టు, స్నానం, తిండి, బరువులు అన్నీ చెప్పేసి సంతకం తీసుకుంది. ఇంట్లో వండేదీ మందులిచ్చేదీ పిన్ని. ఆవిడ లేని నాలుగు నిమిషాలను ఎంచుకోవడంలోనే ఉంది నేర్పంతా. సిస్టరును తప్పుపట్టలేం, ఆ పూట ఆవిడ ఇంకా ముగ్గుర్ని సాగనంపాలి.

"అర్థమైంది కదండీ?" అని అడిగితే బాబాయి "అయిందమ్మా" అన్నాడట. అర్థం కాలేదని డాక్టరుతో గానీ, సిస్టరుతో గానీ, కొత్త అల్లుడితో గానీ అనడం మన మర్యాద కాదు. "ఇంటికెళ్లి ఏం చేస్తారో మీ మాటల్లో ఓసారి చెప్పండి" అని రోగినే అడిగే పద్ధతి ఒకటుందనీ, దాన్ని టీచ్-బ్యాక్ అంటారనీ విన్నాను. అలా అడిగితే రోగికి ఏమీ తెలియలేదన్న సంగతి బయటపడి, మంచం ఖాళీ కాకుండా పోతుంది. అంతటి అనర్థాన్ని ఏ ఆసుపత్రి కోరి తెచ్చుకుంటుంది?

ఇక చేతిలో పెట్టిన కాగితం. మాత్రల పేర్ల పక్కన బి.డి. అని కనిపించేసరికి, ఏనాడో మాన్పించిన బీడీని మళ్లీ పట్టమంటున్నారేమోనని పిన్ని హడలిపోయింది. రోజుకు రెండుసార్లు అనడానికి అవి లాటిను పొడి అక్షరాలు. నొప్పి మాత్ర ఎదురుగా ఉన్న ఎస్.ఓ.ఎస్. కూడా అంతే, అవసరమైతే వేసుకోమని. ఓడరేవు మనిషికి మాత్రం అది ఓడ మునిగేటప్పుడు పంపే కబురు. "నా ఓడ ఇంకా మునగలేదురా" అంటూ రెండు రాత్రులు పళ్లబిగువున ఓర్చుకున్నాడు. దగ్గితే నొప్పి, నడిస్తే నొప్పి. అందుకని దగ్గడమూ నడవడమూ మానేశాడు. ఆ రెండూ చేయగలగాలనే ఆ మాత్ర రాసిచ్చారు.

బరువులు ఎత్తకూడదన్న మాట మాత్రం ఆయనకు బాగానే గుర్తుంది. మూడోరోజు గుమ్మంలో దింపిన ఇరవై లీటర్ల మంచినీళ్ల క్యాను మీద చెయ్యి వేశాడు. "బరువేమిటే, నీళ్లే కదా" అన్నాడు. పిన్ని కేక వీధి చివరిదాకా వినబడింది.

ఆసుపత్రి వదిలేసిన పాఠాలను పక్కింటి అత్తయ్యగారు వచ్చి ఓపిగ్గా పూర్తిచేశారు. పప్పు తింటే గాయం చీము పడుతుందని, వంకాయ దురదని, గుడ్డు వేడి అని తేల్చి, చారన్నం మంజూరు చేశారు. గాయం మానడానికి కావలసిన మాంసకృత్తులన్నీ ఆ విధంగా బహిష్కరణకు గురయ్యాయి. పీచు లేని ఆ తిండికి మలబద్ధకం వచ్చి, ముక్కితే కుట్ల మీద ఒత్తిడి పడింది. ఒక్కటి ఒప్పుకోవాలి: ఆవిడ తెలుగులో చెప్పారు, పిన్నికి చెప్పారు, సాయంత్రం మళ్లీ వచ్చి పాటిస్తున్నామో లేదో చూశారు.

గాయం ఎర్రబడినా, చీము కారినా, జ్వరం 100.4 డిగ్రీలు దాటినా, పిక్క వాచి నొప్పి పెట్టినా వెంటనే రమ్మని కాగితం అడుగున చీమతలకాయంత ఇంగ్లీషు అక్షరాల్లో ఉంది. గాయానికి పట్టిన చీము చాలామందిలో ఇంటికి చేరాకే బయటపడుతుంది. ఆ నాలుగు ముక్కలే తెలుగులో పెద్దక్షరాలతో ఎందుకుండవో! పాడేరు కొండల నుంచి నూరు కిలోమీటర్లు బస్సులో వచ్చే గిరిజనులకు ఆ తెలుగైనా పరాయి భాషే కావచ్చు.

పదోరోజు చూపించుకోవడానికి వెళితే డ్యూటీ డాక్టరు, "ఆవేళ అన్నీ చెప్పారు కదా?" అని అడిగాడు. "చెప్పారు బాబూ, సంతకం కూడా పెట్టాను" అన్నాడు బాబాయి. బయట బెంచీ మీద, అప్పుడే డిశ్చార్జి అయి పొట్ట పట్టుకుని కూర్చున్న ఒకాయన చేతిలో అదే కాగితం ఉంది. బాబాయి దానివైపు తొంగిచూసి, నొప్పి మాత్ర మీద వేలు పెట్టి, గొంతు తగ్గించి చెప్పాడు: "ఇది మాత్రం ప్రాణం మీదికొస్తే తప్ప ముట్టకండి."