కాపలా ఖర్చెంతో బిల్లులో చూపించండి

సాయంత్రం ఆరున్నర దాటితే సోలార్ సున్నా అయిపోద్ది. సరిగ్గా అప్పుడే విశాఖలో ఎంవీపీ కాలనీ నుంచి గాజువాక దాకా ఏసీలు, లైట్లు, షాపుల బోర్డులు అన్నీ ఒక్కసారి అందుకుంటాయి. ఆ టైముకి కరెంటు ఎక్కడ్నుంచి తేవాలో ముందురోజే షెడ్యూల్ రాసుకుంటారు, రోజుని 15 నిమిషాల చొప్పున 96 బ్లాకులు చేసి, ఏ బ్లాకులో ఏ ప్లాంటు ఎన్ని మెగావాట్లు ఇవ్వాలో. రూల్ సింపులే, చవగ్గా ఇచ్చేవాడు ముందు, ఖరీదైనవాడు చివర. దీన్నే మెరిట్ ఆర్డర్ అంటారు, దానితో మాకు పేచీ లేదు. జనం సొమ్ముతో కరెంటు కొనేవాళ్ళు ఇంకోలా కొంటే అప్పుడు అడగాలి.

కాకపోతే యూనిట్ రేటు ఒక్కటే చూస్తే మిగతావి, అంటే కరెంటు పోకుండా రిజర్వు ఉంచే కాపలా ఖర్చు లాంటివి, కనపడవు. పరవాడ దగ్గర బొగ్గు ప్లాంటు సింహాద్రినే తీసుకోండి, అక్కడ ఒక్కో జనరేటర్ 500 మెగావాట్లు. మధ్యాహ్నం సోలార్ ఫుల్లుగా ఉన్నప్పుడు దాన్ని తగ్గించుకుంటూ 55 శాతానికి, అంటే 275 మెగావాట్లకి దించొచ్చు, ఇంకా దించాలంటే ఆపేయడమే. ఆపేస్తే మధ్యాహ్నం లెక్క బ్రహ్మాండంగా ఉంటుంది. కానీ చల్లారిన బాయిలర్ మళ్ళీ లైన్లోకి రావాలంటే గంటలు పడుతుంది, రాత్రి ఏడింటికి రమ్మంటే రాదు, అప్పుడు కరెంటు అమ్మకాలు జరిగే ఎక్స్ఛేంజికి పరిగెత్తాలి, అక్కడ దేశమంతా అదే టైములో అదే కరెంటు కోసం నిలబడి ఉంటుంది, యూనిట్ రేటు 10 రూపాయల సీలింగ్‌కి తగులుద్ది, పోనీ ఆ రేటుకైనా అడిగినంత దొరుకుతుందా అంటే గ్యారంటీ లేదు. 2022 ఏప్రిల్‌లో బయట కరెంటు దొరక్క రాష్ట్రంలో పరిశ్రమలకి పవర్ హాలిడే ఇచ్చిన సంగతి ఎవరూ మర్చిపోలేదు. మధ్యాహ్నం మిగిలిందంతా సాయంత్రం తుడిచిపెట్టుకుపోతే అది పొదుపెలా అవుద్ది?

జలవిద్యుత్ ప్లాంటు సీలేరు కథ దీనికి రివర్సు. లోయర్ సీలేరు 460 మెగావాట్లు, నీళ్ళొదిలితే నిమిషాల్లో లైన్లోకొస్తుంది, బొగ్గు ఖర్చు లేదు. చవకే కదా అని పొద్దున్నుంచీ తిప్పేస్తే సాయంత్రానికి చేతిలో ఏమీ ఉండదు. 2020 ఏప్రిల్ 5 రాత్రి 9 గంటలకి దేశమంతా 9 నిమిషాలు లైట్లు ఆర్పినప్పుడు 31,000 మెగావాట్ల లోడ్ ఒక్కసారి పడిపోయి మళ్ళీ లేచింది. సప్లై, వాడకం మధ్య తూకం చూపే గ్రిడ్ ఫ్రీక్వెన్సీ 49.90, 50.05 హెర్ట్జ్ మధ్య ఉండాల్సింది 49.70 నుంచి 50.26 దాకా ఊగింది, అయినా గ్రిడ్ నిలబడిందంటే ముఖ్యంగా జలవిద్యుత్ ప్లాంట్ల చలవే. ఆ సేవకి యూనిట్ లెక్కన రేటు కట్టడం కష్టం.

2012 జూలై 30, 31న ఉత్తరాది గ్రిడ్లు కుప్పకూలితే మనకేం కాలేదు, అప్పటికి దక్షిణాది గ్రిడ్ వేరు, కరెంటుని డీసీగా మార్చి, అటు కుదుపు ఇటు రాకుండా పంపే గాజువాక హెచ్‌వీడీసీ లాంటి లింకులతోనే అటువైపుకి కలిసి ఉండేది. 2013 డిసెంబర్ 31న రాయచూర్-షోలాపూర్ లైనుతో మనమూ ఒకే గ్రిడ్‌లోకి వెళ్ళాం. చవక కరెంటు రావడానికి దారి తెరుచుకుంది, అక్కడి కుదుపు రావడానికీ అదే దారి.

మరి చవకా, భద్రతా? రెండూ ఒకే లెక్కలో పెట్టొచ్చని కేంద్ర గ్రిడ్ వాళ్ళు 2019 ఏప్రిల్‌లోనే మొదలెట్టి చూపించారు. లైన్ల కెపాసిటీ ఎంత, ఏ ప్లాంటు ఎంత స్పీడుగా ఎక్కగలదు దిగగలదు, ఆ హద్దుల్లోపలే ఖరీదైనదాన్ని తగ్గించి చవకదాన్ని పెంచుతారు. లోడ్ డిస్పాచ్ సెంటర్ నుంచి నేరుగా సిగ్నల్ పంపి ప్లాంటుని సర్దే ఏజీసీని మొదట ట్రై చేసిన ఐదు ప్లాంట్లలో మన సింహాద్రి రెండో స్టేజ్ ఒకటి. అంటే టెక్నాలజీ లేక ఆగిపోయిన పని కాదిది.

మేం అడిగేది వేరే. రిజర్వులో కొంత కెపాసిటీ ఊరికే ఉంచడానికి ఖర్చవుద్ది, అది భరిస్తాం. హుద్‌హుద్ తర్వాత ఈ ఊళ్ళో స్తంభాల బదులు భూగర్భ కేబుళ్ళు వేస్తే, ఖరీదెక్కువైనా దండగ అన్నవాళ్ళు మాకు తెలిసి లేరు. కానీ రేపటి డిమాండ్ అంచనా తప్పేసి ఆఖరి నిమిషంలో కొన్న ఖరీదైన కరెంటు కూడా బిల్లులో ఇంధన సర్దుబాటు చార్జీ అనే అదే ఒక్క లైన్లో కలిపేస్తే ఎలా? ఒకటి కాపలా ఖర్చు, ఇంకోటి అజాగ్రత్త ఖర్చు. బిల్లులో ఇంకో లైన్ పెడితే జనం గోల చేస్తారని అధికారులు భయపడొచ్చు. చెయ్యనివ్వండి, డబ్బులు ఎలాగూ కడుతున్నది వాళ్ళే.

గూగుల్ డేటా సెంటర్ గిగావాట్ స్థాయిలో వస్తోంది, రాత్రీ పగలూ ఒకేలా లాగే లోడ్ అది. దానికి కావాల్సిన రిజర్వు ఎవరి ఖాతాలో పడుతుందో ఒప్పందాలు అయ్యాక కాదు, ఇప్పుడే రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి ఏపీఈఆర్‌సీ బహిరంగ విచారణ పెట్టి తేల్చాలి, ఆ విచారణ విశాఖలోనే పెట్టాలి. కాపలా ఖర్చు, అంచనా తప్పిన ఖర్చు రెండూ వేర్వేరుగా ఎంతెంతో మనకి కరెంటు పంపిణీ చేసే డిస్కం నెలనెలా ప్రకటించాలి.